కస్టడీ, మెయింటెనెన్స్ ఆర్డర్‌ను మార్పించుకోవడం ఎలా? బెంగళూరులో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు

విడాకులైన నాలుగేళ్లకు మా చెల్లి మళ్లీ కోర్టు మెట్లెక్కింది. పాపకు మూడేళ్లున్నప్పుడు రాసుకున్న ఒప్పందం పాపకు ఏడేళ్లు వచ్చేసరికి సరిపోలేదు. పిటిషన్ ఇరవై రెండు పేజీలు వచ్చింది. అందులో పద్దెనిమిది పేజీలు పాత కాపురం గొడవలే. అత్తగారు ఏమన్నారు, పెళ్లిలో ఏం జరిగింది, ఆయన ఎప్పుడు ఎలా తిట్టాడు. జడ్జిగారు పేజీలు తిప్పి ఒక్కటే అడిగారు: “డిక్రీ వచ్చాక ఏం మారిందమ్మా?” డిక్రీ అంటే కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు.

చెల్లికి నోట మాట రాలేదు. మారినవి లేక కాదు. పాప స్కూలు మారింది, తండ్రి పుణె వెళ్లిపోయాడు, ఫీజు రెట్టింపయింది. కానీ అవేవీ తేదీలతో కాగితం మీద లేవు. ఆ రోజు వాయిదా పడి, పిటిషన్ సవరించి మళ్లీ వేసేసరికి నెలలు గడిచాయి. మీకు అలా కాకూడదు. ఇంటి దగ్గరే ఆ ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని వెళ్లడానికి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఆర్డర్ మారుతుందా?

మారుతుంది. “మ్యూచువల్‌లో (పరస్పర అంగీకార విడాకుల్లో) సంతకం పెట్టేశాం, ఇక అయిపోయింది” అని చాలామంది ఊరుకుంటారు. అది నిజం కాదు. కస్టడీ ఆర్డర్లు అప్పటి పరిస్థితిని బట్టి ఇచ్చే తాత్కాలిక ఆర్డర్లేనని మద్రాసు నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. 2010లో మరో కేసు వచ్చింది. ఆ తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో విడిపోయారు. తర్వాత తల్లికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. అంగీకారంతో రాసుకున్న కస్టడీ షరతులైనా పిల్లల మేలు కోసం మార్చవచ్చని సుప్రీంకోర్టు అప్పుడు స్పష్టం చేసింది.

హిందూ వివాహ చట్టం 1955లోని సెక్షన్ 26 కూడా ఇదే చెబుతుంది. కేసు నడుస్తుండగానే కాదు, డిక్రీ వచ్చాక కూడా పిల్లల కస్టడీ, పోషణ, చదువు గురించిన ఆర్డర్‌ను కోర్టు మార్చవచ్చు, ఆపవచ్చు, రద్దు చేయవచ్చు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద పెళ్లి చేసుకున్నవారికి సెక్షన్ 38 ఉంది. క్రైస్తవులకు 1869 నాటి డివోర్స్ యాక్ట్‌లో ఇలాంటి ఏర్పాటే ఉంది. మతం ఏదైనా 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్, అంటే మైనర్ల సంరక్షణ చట్టం, దారి కూడా ఉంటుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గుండెలో పెట్టుకోండి. కొత్త ఆర్డర్ వచ్చేదాకా పాత ఆర్డరే నడుస్తుంది. పిటిషన్ వేశాం కదా అని డబ్బు ఆపకూడదు, పిల్లను పంపడం మానకూడదు. మీ వైపు ఎంత న్యాయమున్నా ఆ ఒక్క పనితో తప్పు మీ మీదకు వస్తుంది.

ముందు పాత ఆర్డర్ చదవండి

మొబైల్‌లో ఉన్న ఫొటో చాలదు. సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ధ్రువీకరించిన నకలు, తీసుకోండి. మ్యూచువల్ డివోర్స్ అయితే డిక్రీతో పాటు అప్పటి ఒప్పందం, అంటే సెటిల్‌మెంట్ కాగితం కూడా కావాలి. అసలు షరతులన్నీ దాంట్లోనే ఉంటాయి. కేసు నంబరు గుర్తు లేకపోతే ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతో వెతకవచ్చు. ప్రతి కేసుకూ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరికితే దాన్ని రాసి పెట్టుకోండి. ప్రతి వాయిదా తేదీ ఇక దాంతోనే చూసుకోవచ్చు.

ఆ ఆర్డర్ ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. బెంగళూరు ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసుకు ‘ఎం.సి.’ అని, గార్డియన్ కేసుకు ‘జి అండ్ డబ్ల్యు.సి.’ అని నంబరు ఉంటుంది. మెయింటెనెన్స్ మాత్రమే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సిఆర్‌పిసి) సెక్షన్ 125 కింద వచ్చి ఉంటే దాని దారి వేరు. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బిఎన్ఎస్ఎస్) సెక్షన్ 144 వచ్చింది. పరిస్థితి మారిందని మొత్తాన్ని పెంచమని లేదా తగ్గించమని అడగాల్సింది పాతదాంట్లో 127, కొత్తదాంట్లో 146. కోర్టు హాల్లో ఇప్పటికీ “ఒన్ ట్వంటీ ఫైవ్” అనే మాటే వినిపిస్తుంది, కంగారు పడకండి.

ఒకే పేజీ: ఏం మారింది, పిల్లల రోజు ఎలా మారింది

నా దృష్టిలో పని మొత్తంలో ఇదే ముఖ్యం. వకీలు దగ్గరికి వెళ్లకముందే, రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని రాయండి. కాగితాన్ని నిలువుగా మూడు భాగాలు చేయండి. మొదటిదాంట్లో ఆర్డర్ వచ్చిన రోజున పరిస్థితి, రెండోదాంట్లో ఇప్పటి పరిస్థితి తేదీతో, మూడోదాంట్లో దానివల్ల బిడ్డకు ఏమైంది.

ఉదాహరణకు “ఆయన బాధ్యత లేని మనిషి” అని రాస్తే అది అభిప్రాయం. “ఆర్డర్ ప్రకారం ప్రతి ఆదివారం 10 నుంచి 5 వరకు. జూన్ నుంచి ఆయన పుణెలో ఉంటున్నారు. పన్నెండు ఆదివారాల్లో మూడుసార్లు వచ్చారు. మిగతా తొమ్మిది రోజులూ పాప బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చుంది” అని రాస్తే అది మార్పు. మా చెల్లి రెండో పిటిషన్‌లో రాసింది అదే. ఆదివారాలు తీసేయమని ఆమె అడగలేదు. నెలకు ఒక పూర్తి శని-ఆదివారం, వారానికి రెండు వీడియో కాల్స్, సెలవుల్లో రెండు వారాలు ఇవ్వమని అడిగింది. తండ్రి పుణె నుంచి రావడానికి వీలయ్యేది అదే కదా. ఆయన వకీలు కూడా పెద్దగా అడ్డు చెప్పలేదు.

కోర్టు మార్పుగా చూసేవి ఏమిటంటే, ఒకరు ఊరు మారడం, ఉద్యోగం రావడం లేక పోవడం, బిడ్డకు జబ్బు లేక ప్రత్యేక అవసరం, చదువు పెద్ద క్లాసులకు చేరడం, ఇంట్లో తాగుడు లేక హింస, పెంచుతున్న అమ్మమ్మ లేక నానమ్మ చనిపోవడం లాంటివి. మళ్లీ పెళ్లి చేసుకున్నారన్నది ఒక్కటే చాలదు. ఆ ఇంట్లో బిడ్డ రోజు ఎలా గడుస్తోంది అన్నదే ప్రశ్న. వయసు కూడా ఒక మార్పే. 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ ప్రకారం ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలి. అలాగని ఐదు నిండగానే తండ్రికి మారిపోతుందని అర్థం కాదు. అదే చట్టంలోని సెక్షన్ 13 బిడ్డ సంక్షేమమే అన్నిటికంటే ముందు అంటుంది.

అవతలివారు ఒప్పుకుంటే

మీరిద్దరూ మాట్లాడుకునే స్థితిలో ఉంటే, ముందు మాట్లాడండి. కోపంతో కాదు, ఆ ఒక్క పేజీ ముందు పెట్టుకుని. ఒప్పందం కుదిరితే అది వాట్సాప్‌లో “సరే” దగ్గర ఆగకూడదు. ఇద్దరూ సంతకాలు పెట్టి కోర్టులో జాయింట్ మెమో, అంటే ఇద్దరి ఉమ్మడి రాతపత్రం, వేసి, ఆర్డర్‌గా రాయించుకోండి. కోర్టు ముద్ర లేని ఒప్పందాన్ని రేపు ఎవరైనా కాదంటే మీ చేతిలో పాత ఆర్డర్ తప్ప ఏమీ ఉండదు. ఇంకోటి, సంతకం పెట్టే ముందు బాగా ఆలోచించండి. ఇద్దరి అంగీకారంతో వచ్చిన ఆర్డర్ మీద అప్పీలు ఉండదు.

మాటలు మధ్యలో తెగిపోతే మీడియేషన్, అంటే మధ్యవర్తిత్వం, అడగండి. బెంగళూరు మీడియేషన్ సెంటర్ 2007 నుంచి సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగుల భవనంలో పనిచేస్తోంది. కోర్టు పంపితే దానికి ఫీజు లేదు. అక్కడ అన్న మాటలను తర్వాత కోర్టులో వాడుకోకూడదు. కాబట్టి మనసులో ఉన్నది చెప్పుకోవచ్చు. మన తెలుగు కుటుంబాల్లో పెద్దమనుషులను కూర్చోబెట్టే అలవాటు ఉంది. అది మంచిదే కానీ ఊరి నుంచి పదిమంది వచ్చి కూర్చుంటే మాట బిడ్డ మీద నుంచి పరువు మీదకు వెళ్లిపోతుంది. ఆ రోజు మీరిద్దరే వెళ్లండి. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం రాజీకి కూర్చోవాలని ఎవరి ఒత్తిడికీ లొంగవద్దు. ఆ విషయం కోర్టుకు నేరుగా చెప్పండి.

ఎక్కడ వేయాలి

బెంగళూరు ఫ్యామిలీ కోర్టులున్నది కూడా ఆ న్యాయ దేగులలోనే. విడాకుల డిక్రీలో ఉన్న షరతును మార్చాలంటే మామూలుగా ఆ డిక్రీ ఇచ్చిన కోర్టులోనే అడగాలి. చిక్కు వచ్చేది డిక్రీ అనంతపురంలోనో హైదరాబాదులోనో వచ్చి, బిడ్డ ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో పెరుగుతున్నప్పుడు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ సెక్షన్ 9 ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే ఆ జిల్లా కోర్టుకు కస్టడీ పిటిషన్ వినే అధికారం ఉంటుంది. బిడ్డ బెంగళూరులో స్థిరంగా ఉన్నట్టు స్కూలు సర్టిఫికెట్, అద్దె అగ్రిమెంటు, డాక్టరు కాగితాలు పెట్టండి. సెలవులకు తీసుకొచ్చి ఇక్కడే ఉంచేసుకుని “ఇక్కడే నివాసం” అంటే కోర్టు ఒప్పుకోదు. పైగా మీ మీద నమ్మకం పోతుంది.

అవతలివారు వేరే రాష్ట్రంలో కేసు వేస్తే, దాన్ని బెంగళూరుకు మార్పించుకోవడానికి ఇక్కడి హైకోర్టు కాదు, సుప్రీంకోర్టుకు వెళ్లాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 25 కింద ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయాలి. దానికి ముందు, వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరు కావడానికి అక్కడి కోర్టును అనుమతి అడిగి చూడండి. ఖర్చు చాలా తగ్గుతుంది.

వకీలు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ 1987 కింద మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి. కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార కార్యాలయం కూడా న్యాయ దేగులలోనే ఉంది. మా చెల్లి రెండోసారి వెళ్లింది అక్కడికే. ఫ్యామిలీ కోర్టులో మీ కేసు మీరే చెప్పుకోవడానికి కూడా వీలుంది. భాషకు భయపడవద్దు. పిటిషన్ ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో ఉండాలి కానీ, కన్నడ రాదని, నెమ్మదిగా చెప్పమని అడగడం తప్పేమీ కాదు. మన ఊరి నుంచి తెచ్చిన తెలుగు కాగితాలకు, అంటే పుట్టిన తేదీ సర్టిఫికెట్టుకు, పంచాయతీ రాతకు ముందే ఇంగ్లిష్ అనువాదం చేయించి జత చేయండి. దీనికోసమే ఒక వాయిదా పోయినవాళ్లను చూశాను.

డబ్బు సంగతి

2020 నవంబర్ 4న రజనేశ్ వర్సెస్ నేహ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మెయింటెనెన్స్ అడిగేవారు, ఇచ్చేవారు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాల్సిందే. జీతం స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు, లోన్లు, ఇన్సూరెన్స్, ఊర్లో పొలం ఉంటే అదీ రాయాలి. నాన్న పేరున ఉన్న ఇంటిని మీదిగా రాయక్కర్లేదు, మీ పేరున ఉన్నదాన్ని దాచకూడదు. అబద్ధం దొరికితే కోర్టు చర్య తీసుకోగలదు. అంతకంటే ముందు, మీ మిగతా మాటలను కూడా నమ్మడం మానేస్తుంది.

పెంచమని అడిగేవారు “ధరలు పెరిగాయి” అని ఊరుకోవద్దు. స్కూలు ఇచ్చిన ఫీజు పట్టికలు రెండు పెట్టండి, ఆర్డర్ వచ్చిన సంవత్సరానిది, ఈ సంవత్సరానిది. వ్యాన్, పుస్తకాలు, యూనిఫాం, ట్యూషన్, మందులు, పాపను చూసుకునే ఆయాకు ఇచ్చేది, ఇంటద్దెలో బిడ్డ వాటా విడివిడిగా రాయండి. పిటిషన్ చివర కోర్టును కోరే భాగంలో, అంటే ప్రార్థనలో, మూడు విషయాలు అడగండి. నెల మొత్తం మీ ఖాతాకు, స్కూలు ఫీజు నేరుగా స్కూలుకు, ఏటా ఇంత శాతం పెంపు. ఆ మూడోది లేకపోతే రెండేళ్లకోసారి మళ్లీ కోర్టు చుట్టూ తిరగాలి. ఏ తేదీ నుంచి కావాలో కూడా రాయండి. మెయింటెనెన్స్‌ను దరఖాస్తు వేసిన తేదీ నుంచి ఇవ్వాలని అదే 2020 తీర్పు చెప్పింది.

తగ్గించమని అడిగేవారికి కూడా న్యాయమైన కారణాలుంటాయి. ఈ ఊళ్లో ఒక్క మెయిల్‌తో ఉద్యోగం పోవడం మనకు తెలియనిది కాదు. లేఆఫ్ అయితే ఆ నెలలోనే పిటిషన్ వేయండి. ఆర్నెల్లు ఆగి, బకాయి లక్షల్లోకి వెళ్లి, వారెంట్ వచ్చాక వేస్తే కారణం నిజమైనా సాకులా కనిపిస్తుంది. రిలీవింగ్ లెటర్, చివరి సెటిల్‌మెంట్ లెక్క, ఉద్యోగం కోసం పంపిన దరఖాస్తులు పెట్టండి. ఈలోగా వీలైనంత డబ్బు పంపుతూనే ఉండండి, అదీ బ్యాంకు ద్వారానే. చేతికిచ్చిన డబ్బుకు సాక్ష్యం లేదు. ఉద్యోగం లేదన్న మాట ఒక్కటే నిలబడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి శారీరక శ్రమ చేసైనా భార్యాబిడ్డలను పోషించాలని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మాజీ భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె సొంత భరణం మీద ప్రభావం ఉంటుంది. బిడ్డకు ఇవ్వాల్సింది మాత్రం దాంతో ఆగదు. అలాగే “పిల్లల ఖర్చు అడగను” అని తల్లి రాసిచ్చినా బిడ్డ హక్కు పోదు. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే 18 దాటాక కూడా 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం సెక్షన్ 20 కింద అడగవచ్చు.

సమయం గురించి ఒక మాట. విడాకుల కేసు ఇంకా నడుస్తుంటే, పిల్లల పోషణ, చదువు ఖర్చుల దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో, వీలైనంతవరకు, తేల్చాలని హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 చెబుతుంది. వాయిదాలు సాగుతుంటే ఆ మాటను రాతపూర్వకంగా, మర్యాదగా గుర్తు చేయండి.

అడిగేది గడియారంతో అడగండి

“తగిన విజిటేషన్ (బిడ్డను కలిసే వీలు) ఇవ్వాలి” అన్న ఆర్డర్ కంటే గొడవలు పెట్టేది మరొకటి లేదు. రోజు, గంట, చోటు, ఎవరు దింపాలి, ఎవరు తీసుకెళ్లాలి, బిడ్డకు జ్వరమొస్తే ఆ రోజుకు బదులు ఏ రోజు, అన్నీ రాయించండి. మన పండుగల లెక్క ఇక్కడి వకీళ్లకు తట్టకపోవచ్చు. ఉగాది కన్నడిగులకూ మనకూ ఒకే రోజు, పేచీ లేదు. సంక్రాంతికి మనకు భోగి నుంచి కనుమ దాకా మూడు రోజులు. బెంగళూరు స్కూళ్లు అన్ని రోజులు సెలవివ్వవు. ఆ రెండు రోజుల బడి ఎగ్గొట్టి ఊరికి తీసుకెళ్లవచ్చా లేదా అన్నది ముందే తేల్చుకోండి. లేకపోతే భోగి ముందు రాత్రి ఫోన్లలో యుద్ధమే. ఇక్కడ ఏప్రిల్, మే సెలవులైతే ఆంధ్రలో జూన్ దాకా ఉంటాయి. అవతలివారు ఆంధ్రలో ఉంటే “వేసవి సెలవులు” అంటే ఎవరి స్కూలు లెక్కో రాయాలి.

వేసవి సెలవుల కస్టడీ కావాలంటే ఫిబ్రవరిలోనే ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయండి. కోర్టులకూ వేసవి సెలవులుంటాయి. ఏప్రిల్ చివర్లో పరుగెత్తుకొస్తే తలుపులు మూసి ఉంటాయి.

వాట్సాప్ మెసేజీలు సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 2023లోని సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం, జత చేయండి. ఫ్యామిలీ కోర్టుకు సాక్ష్యం విషయంలో కొంత వెసులుబాటు ఉన్నా, అది ఉంటే అభ్యంతరం రాదు. మొత్తం చాట్ ఇవ్వండి, మీకు నచ్చిన నాలుగు లైన్లు కాదు.

బిడ్డను జడ్జిగారు పిలిచినప్పుడు

సొంత అభిప్రాయం చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. సాధారణంగా ఛాంబర్‌లో, తల్లిదండ్రులు లేకుండా మాట్లాడతారు. మీరు చేయాల్సింది ఒక్కటే. ఏమీ నేర్పకండి. మా పాపకు వెళ్లేముందు “అక్కడ ఒక పెద్దావిడ నీతో మాట్లాడతారు, నీకు అనిపించింది చెప్పు, తెలియకపోతే తెలియదను” అని మాత్రమే చెప్పాం. ఎవరు కావాలి అన్న ప్రశ్నను ఇంట్లో ఎవరూ, తాతయ్యలు కూడా, అడగకూడదని గట్టిగా చెప్పాను. వాయిదా రోజున బాక్సులో టిఫిన్, నీళ్లు, బొమ్మల పుస్తకం తీసుకెళ్లండి. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు, ఆకలితో ఉన్న బిడ్డ ఏమీ మాట్లాడదు.

ఆర్డర్ ఉన్నా పాటించకపోతే

మార్పు వేరు, అమలు వేరు. డబ్బు రాకపోతే కొత్త పిటిషన్ కాదు, అమలు పిటిషన్ వేయాలి. 125 లేదా 144 కింద వచ్చిన ఆర్డర్ అయితే, బకాయి వసూలు వారెంట్ కోసం అది చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే అడగాలి. జాలిపడి రెండేళ్లు ఆగితే మొదటి ఏడాది డబ్బును ఈ దారిలో రాబట్టలేరు. కట్టకపోతే జైలు దాకా వెళ్లే అధికారం కోర్టుకు ఉంది. సివిల్ డిక్రీ అయితే జీతం అటాచ్ చేయించవచ్చు, అంటే కోర్టు ద్వారా జీతంలోంచే పట్టించవచ్చు. మామూలు అప్పులకంటే మెయింటెనెన్స్‌కు ఎక్కువ భాగం, జీతంలో మూడింట రెండొంతుల వరకు అటాచ్ చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. డబ్బు రాలేదని బిడ్డను చూపించడం ఆపకండి, చూపించలేదని డబ్బు ఆపకండి. కోర్టు దృష్టిలో అవి రెండూ బిడ్డ హక్కులే, ఒకదానికి ఒకటి జమ కాదు.

ఆర్డర్ వచ్చిన రోజు

అదే రోజు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. తుది ఆర్డర్ మీకు నచ్చకపోతే, అది సిఆర్‌పిసి లేదా బిఎన్ఎస్ఎస్ కింద వచ్చిన మెయింటెనెన్స్ ఆర్డర్ కాకపోతే, ఫ్యామిలీ కోర్ట్స్ యాక్ట్ సెక్షన్ 19 కింద 30 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు వేయాలి. మధ్యంతర ఆర్డర్ మీద ఈ అప్పీలు ఉండదు. దానికి రిట్ పిటిషన్ గురించి వకీలును అడగాలి.

కాపీ చేతికి వచ్చాక ఒకటి స్కూలు ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, గేటు దగ్గర ఏ రోజు ఎవరికి బిడ్డను అప్పగించాలో రాతలో ఇవ్వండి. డే కేర్‌కూ, అపార్ట్‌మెంట్ సెక్యూరిటీకీ తేదీలు మాత్రం చెప్పండి, కేసు కథ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద నెల క్యాలెండర్ అంటించి, నాన్న వచ్చే రోజులకు పాప చేతే పచ్చ రంగు వేయించాం. ఆ రోజు నుంచి తను ఊరికే గుమ్మం దగ్గర కూర్చోలేదు. ఏ శనివారం కూర్చోవాలో తనకు తెలుసు.